డ్యాష్‌బోర్డు మీద బల్బు గుర్తు వెలిగినప్పుడు లోపాన్ని వరుసగా వెతికే పద్ధతి

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో బల్బు బొమ్మ వెలిగినప్పుడు చాలామంది కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఆరిపోయిన లైటు ఏదో చూసుకొని, దగ్గరలోని స్పేర్ పార్టుల దుకాణంలో ఒక బల్బు కొని వేయించుకుంటారు. తరచు దానితోనే పని పూర్తవుతుంది. కొత్త బల్బు వేసిన తరువాత కూడా గుర్తు ఆరకపోయినా, లైట్లన్నీ చక్కగా వెలుగుతుండగానే గుర్తు కనిపిస్తున్నా, వాన కురిసిన రోజున వచ్చి ఎండ కాసిన రోజున మాయమవుతున్నా మాత్రం, బల్బులు మారుస్తూ పోతే డబ్బు ఖర్చు కావడమే తప్ప లోపం దొరకదు. అటువంటప్పుడు ఏ వరుసలో వెతకాలో, ఏ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చో, ఏది ఆటో ఎలక్ట్రీషియనుకు అప్పగించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

గుర్తు దేనిని బట్టి వెలుగుతుంది

కారులోని ఏ పరికరమూ బల్బు వెలుతురును చూడదు. లైట్లకు కరెంటు పంపే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె, ఒక్కొక్క తీగలో ఎంత కరెంటు పారుతోందో కొలిచి, ఆ బల్బుకు ఉండవలసిన పరిమాణంతో పోల్చుకుంటుంది. కాలువ తూము దగ్గర ఉండే లస్కరుకు నీరు ఎంత వెళ్తోందో తెలుస్తుంది గాని చివరి పొలం తడిసిందో లేదో తెలియదు. ఈ మాడ్యూల్ సంగతి కూడా అంతే. 12 వోల్టుల వద్ద 21 వాట్ల బ్రేకు లైటు బల్బు సుమారు 1.75 ఆంపియర్లు, 5 వాట్ల పార్కింగ్ బల్బు సుమారు 0.4 ఆంపియర్లు, 55 వాట్ల హెడ్‌లైటు బల్బు సుమారు 4.6 ఆంపియర్లు తీసుకుంటాయి. పారుతున్న కరెంటు ఈ లెక్కకు బాగా తగ్గినప్పుడు గుర్తు వెలుగుతుంది. కనుక గుర్తు కనిపించిందంటే ఆ తీగలో రావలసినంత కరెంటు రావడం లేదని మాత్రమే అర్థం చేసుకోవాలి. అందుకు కారణం బల్బు కావచ్చు, హోల్డరులోని కాంటాక్టు కావచ్చు, తెగిన తీగ కావచ్చు, వదులైన ఎర్తు (బల్బు నుంచి కరెంటు బాడీ రేకు ద్వారా వెనక్కి వెళ్లే దారి) కావచ్చు, లేదా ఎవరో సరదాపడి వేయించిన ఎల్‌ఈడీ బల్బు కావచ్చు.

కరెంటును కొలిచే పద్ధతిలోనూ తేడాలున్నాయి. కొన్ని కార్లు లైటు వెలుగుతున్నప్పుడు మాత్రమే కొలుస్తాయి. వాటిలో బ్రేకు లైటు లోపం మీరు బ్రేకు తొక్కిన తరువాతనే బయటపడుతుంది. మరికొన్ని కార్లు లైటు ఆర్పి ఉన్నప్పుడు కూడా కంటికి కనిపించనంత స్వల్పకాలం కరెంటు పంపి పరీక్షించుకుంటాయి; వాటిలో తాళం తిప్పిన కొన్ని క్షణాలకే గుర్తు వచ్చేస్తుంది. పాతకాలపు కార్లలో ఇదే పనిని ఒక ప్రత్యేకమైన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) చేసేది.

మన దగ్గర ఈ సౌకర్యం ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, బీఎండబ్ల్యూ వంటి యూరప్ కంపెనీల కార్లలో కనిపిస్తుంది. గుర్తు లేని చిన్న కార్లలో ఇండికేటరు మామూలుకంటే వేగంగా కొట్టుకోవడమే ఆ వైపు బల్బు ఒకటి పోయిందనడానికి సూచన. కారు ఏదైనా కింద చెప్పిన పద్ధతి ఒకటే.

మొదట గుర్తు ఎప్పుడు వచ్చిందో రాసుకోండి

పానాలు, స్క్రూడ్రైవర్లు బయటికి తీసే ముందు రెండు మూడు రోజులు గుర్తు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు పోతోందో గమనించి ఒక కాగితం మీద రాసుకోండి. బ్రేకు తొక్కగానే వస్తోందా, హెడ్‌లైట్లు వేయగానే వస్తోందా, డిక్కీ గట్టిగా మూసినప్పుడు వస్తోందా లేక పోతోందా, వాటర్ సర్వీసింగు చేయించిన మరునాడు వచ్చిందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే వెతకవలసిన చోటు చాలా వరకు కుదించుకుపోతుంది. డిక్కీ కదలికతో సంబంధం ఉంటే తీగను అనుమానించాలి. నీటితో సంబంధం ఉంటే హోల్డరునూ ఎర్తునూ అనుమానించాలి. ఇంజిను స్టార్టు చేసేటప్పుడు మాత్రమే ఒక్క క్షణం కనిపించి తనంతట తాను ఆరిపోతుంటే బ్యాటరీ బలహీనపడి వోల్టేజీ పడిపోతోందేమో ముందుగా చూపించుకోవాలి. స్క్రీను మీద అక్షరాలలో సందేశం ఇచ్చే కార్లయితే ఏ వైపు, ఏ లైటు అన్నది కూడా చెబుతాయి గనుక దానిని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

లైట్లన్నింటినీ ఒక వరుసలో చూడడం

ఈ పనికి అపార్టుమెంటు సెల్లారు పార్కింగు చాలా అనువైన చోటు. విజయవాడ మిట్టమధ్యాహ్నపు ఎండలో 5 వాట్ల పార్కింగ్ లైటు వెలుగుతోందో లేదో ఎవరూ చెప్పలేరు. కారును గోడకు నాలుగైదు అడుగుల దూరంలో నిలిపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు వైపున పార్కింగ్ లైట్లు, లో బీమ్, హై బీమ్, ఇండికేటర్లు, ఫాగ్ లైట్లు, వెనుక వైపున పార్కింగ్ లైట్లు, బ్రేకు లైట్లు, అద్దం దగ్గర ఉండే మూడో బ్రేకు లైటు, ఇండికేటర్లు, రివర్స్ లైటు, నంబరు ప్లేటు లైట్లు ఒక్కొక్కటిగా వేసి చూడండి. బ్రేకు తొక్కడానికి ఇంట్లోవాళ్లెవరినైనా కూర్చోబెట్టుకుంటే మంచిది. ఎవరూ అందుబాటులో లేకపోతే ఫోనును వెనుక ఒక స్టూలు మీద నిలబెట్టి వీడియో తీసుకోవచ్చు. రివర్స్ లైటును చూసేటప్పుడు మాత్రం ఇంజిను ఆర్పి, తాళాన్ని ఆన్‌లో ఉంచి, ఆ తరువాతనే గేరు వేయాలి.

చాలామంది మరిచిపోయేవి నంబరు ప్లేటు లైట్లు. వాటిలో రెండు చిన్న బల్బులుంటే ఒకటి ఆరినా ప్లేటు వెలుగుతూనే కనిపిస్తుంది. గుర్తు మాత్రం ఆరదు. లైట్లన్నీ బాగానే ఉన్నాయని చెప్పి వచ్చిన కార్లలో మొదట చూడవలసినవి ఇవే.

వెలుగుతోందా లేదా అన్నదానితో ఆగకుండా కుడి ఎడమల వెలుతురును పోల్చి చూడండి. రెండు వైపులా బ్రేకు లైట్లు, మూడో బ్రేకు లైటుతో సహా, ఒకేసారి రాకపోతే బల్బులను వదిలేసి ఫ్యూజునూ బ్రేకు పెడలు దగ్గరి స్విచ్చినూ చూడాలి. మూడు బల్బులు ఒకే రోజు మాడిపోవడం అరుదు. బ్రేకు తొక్కినప్పుడు ఒక వైపు లైటు మసకగా వెలిగి, దాని పక్కనున్న ఇండికేటరో రివర్స్ లైటో మినుకుమంటే అది కచ్చితంగా ఎర్తు లోపమే. వెనక్కి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన కరెంటు, పక్క బల్బు లోపలి సన్నటి తీగ అయిన ఫిలమెంటు గుండా మరో దారి వెతుక్కోవడం వల్ల అలా జరుగుతుంది. ఈ లక్షణం కనిపించిన కారులో కొత్త బల్బు వేయడం వృథా.

బల్బును తీయడం, చూడడం, మార్చి చూడడం

తాళం తీసి, లైట్ల స్విచ్చి ఆర్పి, బల్బు చల్లారేదాకా ఆగండి. హాలోజన్ హెడ్‌లైటు బల్బు అయితే మే నెలలో ఇక్కడి ఎండకు పావుగంట ఆగినా తొందరపాటే అవుతుంది. వెనుక లైట్లు చాలా కార్లలో డిక్కీ లోపలి నుంచి ఒకటి రెండు స్క్రూలో ప్లాస్టిక్ నట్లో విప్పితే బయటికి వస్తాయి. ముందు లైట్లకు కొన్ని కార్లలో బ్యాటరీనో, ఎయిర్ ఫిల్టరు డబ్బానో, చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగునో తీయవలసి వస్తుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మలతో సహా ఉంటుంది గనుక బలవంతంగా లాగే ముందు ఆ పేజీ చూడండి. లైటు సెట్టును పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవులు విరిగితే బల్బు ధరతో పోయేది కాదు. హెడ్‌లైట్లు జెనాన్ రకానివైతే వాటి జోలికి అసలు పోవద్దు. వాటిని వెలిగించే క్షణంలో పుట్టే వోల్టేజీ వేలల్లో ఉంటుంది. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కార్లలో చాలా వాటికి విడి బల్బు అనేదే ఉండదు.

బల్బు చేతికి వచ్చాక దాని అడుగున ముద్రించిన అక్షరాలు చదవండి. ఒకే ఫిలమెంటు ఉన్న 21 వాట్ల బల్బు మీద పీ21డబ్ల్యూ అని, రెండు ఫిలమెంట్లున్న దాని మీద పీ21/5డబ్ల్యూ అని ఉంటుంది. దుకాణాలలో వీటినే సింగిల్ కాంటాక్టు, డబల్ కాంటాక్టు అంటారు. డబల్ కాంటాక్టు బల్బులో 5 వాట్ల ఫిలమెంటు పార్కింగ్ లైటుకూ, 21 వాట్లది బ్రేకు లైటుకూ పనిచేస్తాయి. వీటిలో ఒకటి తెగి రెండోది నిలిచి ఉండడం తరచుగా జరిగేదే కాబట్టి, పార్కింగ్ లైటు వెలుగుతున్నదని చూసి బల్బు బాగుందనుకోవడం పొరపాటు. దాని పక్క పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు; తారుమారుగా గుచ్చకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. అయినా గట్టిగా నొక్కి తిప్పి ఎక్కించేవాళ్లున్నారు. అప్పుడు పార్కింగ్ వేస్తే బ్రేకు లైటంత ప్రకాశంగా, బ్రేకు తొక్కితే మసకగా వెలిగి, గుర్తు కూడా వస్తుంది. నారింజ రంగు ఇండికేటరు బల్బు అయిన పీవై21డబ్ల్యూకు పిన్నులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండవు గనుక దాని చోటున తెల్లబల్బు కూర్చోదు. కూర్చోని బల్బును బలవంతపెట్టకండి, దుకాణానికి పాత బల్బును వెంట తీసుకువెళ్లండి.

బల్బును వెలుతురుకు ఎదురుగా పట్టి ఫిలమెంటును చూడండి. తెగి ఉంటే విషయం తేలిపోయింది. గాజు లోపల నల్లగానో వెండిరంగులోనో పూత పట్టి ఉంటే ఇంకా వెలుగుతున్నా దాని ఆయువు తీరిందని అర్థం. లోపల తెల్లటి బూడిద కనిపిస్తే గాజు పగిలి గాలి చొరబడింది. కంటికి తేలకపోతే మల్టీమీటరును ఓముల మీద పెట్టి నిరోధాన్ని, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో కొలవవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 7 ఓములని లెక్క చెబుతుంది గాని, చల్లగా ఉన్నప్పుడు మీటరు ఒక ఓముకు అటూ ఇటూగా మాత్రమే చూపుతుంది. అది షార్టు కాదు. టంగ్‌స్టన్ లోహం వేడెక్కేకొద్దీ నిరోధం పెరగడం దాని సహజ గుణం. మీటరు ఏమీ చూపకపోతేనే ఫిలమెంటు తెగినట్టు.

ఇప్పుడు అన్నింటికంటే విలువైన పరీక్ష చేయండి. ఎడమ వైపు బల్బును కుడి వైపుకూ, కుడి వైపుదాన్ని ఎడమ వైపుకూ మార్చి వేయండి. లోపం బల్బుతో పాటు అటు మారితే బల్బుదే తప్పు, కొత్తది కొనుక్కోవచ్చు. లోపం ఉన్నచోటనే ఉండిపోతే బల్బు నిర్దోషి. మీరు హోల్డరు వైపు నడవాలి. రూపాయి ఖర్చు లేకుండా ఇంత నిక్కచ్చిగా తేల్చే పరీక్ష మరొకటి లేదు, అయినా దీనిని చేయకుండానే బల్బులు కొనేవాళ్లే ఎక్కువ.

కొత్త బల్బు కొనేటప్పుడు వాట్లు సరిగ్గా అవే ఉండాలి. 21 వాట్ల చోట 10 వాట్లదో 16 వాట్లదో వేస్తే లైటు వెలుగుతుంది గాని గుర్తు ఆరకపోవచ్చు. హెచ్4, హెచ్7 వంటి హాలోజన్ బల్బుల గాజును వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు విపరీతంగా వేడెక్కి బల్బు త్వరగా చెడిపోతుంది. పొరపాటున అంటితే మెడికల్ షాపులో దొరికే స్పిరిటుతో శుభ్రమైన గుడ్డను తడిపి తుడవండి. రెండు వైపుల బల్బులూ ఒకే వయసువి గనుక ఒకటి పోయినప్పుడు రెండోదాన్ని కూడా మార్చేయడం నా దృష్టిలో మంచి పద్ధతి. హెడ్‌లైట్ల విషయంలో మరీను.

హోల్డరు, చిలుము, ఎర్తు

కృష్ణ ఒడ్డున ఉన్న మా విజయవాడ ప్రాంతపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. దానికి తోడు 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్‌నూ చుట్టుపక్కల కాలనీలనూ ముంచెత్తినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి మురికి నీటిలో నానాయి. ఇంజిను బాగు చేయించి, సీట్లు కడిగించి నడుపుతున్న కార్లలోనూ కార్పెట్టు కింద, డిక్కీ మూలల్లో ఉండే కనెక్టర్లలో ఆ తేమ చేసిన పని మెల్లగా బయటపడుతూ ఉంటుంది. విజయవాడలో పాత కారు కొన్నవారు స్టెప్నీ గుంతలో ఒండ్రు చార ఉందేమో, సీటు బోల్టులకు తుప్పు పట్టిందేమో ఒకసారి చూసుకుంటే ఈ గుర్తుకు కారణం అక్కడే దొరకవచ్చు.

హోల్డరు లోపల టార్చి వేసి చూడండి. రాగి, ఇత్తడి కాంటాక్టుల మీద ఆకుపచ్చగా పట్టినది చిలుము. అది కరెంటుకు అడ్డుగోడ. కాంటాక్టు క్లీనరు స్ప్రే కొట్టి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ బల్బు పెట్టండి. చిలుము గట్టిగా ఉంటే సన్నటి ఎమరీ కాగితాన్ని చిన్న ముక్కగా మడిచి రెండు మూడుసార్లు మాత్రమే గీకండి. ఎక్కువ గీకితే లోహం మీది పూత పోయి మరుసటి వానకే మళ్లీ చిలుము పడుతుంది. స్ప్రింగు రేకు కుంగిపోయి బల్బు అడుగు భాగాన్ని తాకకపోతే సన్నటి స్క్రూడ్రైవరు మొనతో కొద్దిగా పైకి లేపండి. ప్లాస్టిక్ కరిగి, గోధుమరంగుకు మారి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, హోల్డరే మార్చాలి. హెడ్‌లైట్లకు 60/55 వాట్ల చోట 100/90 వాట్ల బల్బులు వేయించిన కార్లలో ఈ కరగడం సాధారణం. కంపెనీ ఇచ్చిన తీగలు అంత కరెంటును మోయడానికి ఉద్దేశించినవి కావు.

లైటు సెట్టు లోపల పలచగా ఆవిరి పట్టి, కాసేపు వెలిగించగానే పోతే కంగారు పడనవసరం లేదు. అడుగున నీళ్లు నిలిచి ఉంటే మాత్రం వెనుక రబ్బరు గ్యాస్కెట్టు దెబ్బతిన్నట్టు. దానిని మార్చకుండా హోల్డరును ఎన్నిసార్లు తుడిచినా పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక ఎర్తు. నల్లరంగు లేదా గోధుమరంగు తీగ ఒకటి లైటు సెట్టు నుంచి బయలుదేరి బాడీ రేకుకు బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు కింద తుప్పు చేరితే అక్కడే కరెంటు ఆగిపోతుంది. మల్టీమీటరు ఉన్నవాళ్లు ఎర్తును ఇలా తేల్చుకోవచ్చు: మీటరును 20 వోల్టుల డీసీ మీద ఉంచి, నల్ల ప్రోబును (మీటరు తీగ మొనను) బ్యాటరీ నెగెటివ్‌కో, రంగు లేని శుభ్రమైన బాడీ లోహానికో ఆనించి, బల్బును హోల్డరులోనే ఉంచి లైటు వెలిగించి, ఎర్ర ప్రోబుతో హోల్డరు ఎర్తు పిన్నును తాకండి. మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.2, 0.3 వోల్టులకు మించి చూపుతుంటే ఆ ఎర్తు దారిలో ఎక్కడో అడ్డు ఉంది. బల్బు తీసేసి కొలిస్తే కరెంటు పారదు గనుక చెడ్డ ఎర్తు కూడా మంచిదిగానే కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక ఎర్తు బాగుందని నిర్ధారించేసి, తరువాత నెలల తరబడి మాడ్యూల్‌ను అనుమానించేవారున్నారు. లోపం ఖాయమైతే బోల్టు విప్పి, రేకునూ రింగునూ మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూయండి.

తీగలు, ఎలుకలు, ఫ్యూజులు

హోల్డరుకు కరెంటు వచ్చే పిన్ను మీద బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా రావాలి. అయితే కొత్త కార్లలో మాడ్యూల్ ఒక్కోసారి కరెంటును సెకనుకు అనేకసార్లు ఆపి వదులుతూ వెలుతురును తగ్గిస్తుంది. అటువంటి తీగ మీద మామూలు మీటరు ఐదారు వోల్టులే చూపవచ్చు. దానిని లోపంగా భావించే ముందు రెండో వైపు హోల్డరులో ఎంత చూపుతోందో కొలవండి. రెండూ సమానంగా ఉంటే అది కారు తీరే. మాడ్యూల్ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడడం, తీగ తొడుగును సూదితో పొడిచి పరీక్షించడం రెండూ చేయకండి. మొదటిది మాడ్యూల్‌ను కాల్చవచ్చు, రెండోది పొడిచిన రంధ్రంలోంచి చిలుమును లోపలికి ఆహ్వానిస్తుంది.

హ్యాచ్‌బ్యాక్ కార్లలో డిక్కీ తలుపు మీదికి వెళ్లే తీగలు కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టంలో ఉంటాయి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతూ కొన్నేళ్లకు తొడుగు లోపలే తెగిపోతాయి. నంబరు ప్లేటు లైటు, మూడో బ్రేకు లైటు, వెనుక వైపరు వీటిలో రెండు ఒకేసారి మొరాయిస్తే ఆ రబ్బరును జరిపి చూడడమే తరువాయి పని. లైటు వేసి ఉంచి తలుపును నెమ్మదిగా ఎత్తుతూ దించుతూ ఉంటే ఒక కోణంలో వెలిగి మరో కోణంలో ఆరుతుంది.

సెల్లారులో నిలిపే కార్లకు ఎలుకల బెడద ఉండనే ఉంది. బానెట్ ఎత్తి హెడ్‌లైటు వెనుక తీగల మీద పంటిగాట్లు, రాగి బయటపడిన చోట్లు ఉన్నాయేమో చూడండి. కొరికిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలికం. సోల్డరు చేయించి, వేడికి ముడుచుకునే తొడుగు వేయించాలి.

ఫ్యూజు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లది. పోయినదాని స్థానంలో అదే రంగుది వేయండి, పెద్దది వేయకండి, రాగితీగ అసలే చుట్టకండి. వేసిన ఫ్యూజు వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్టు ఉంది. ఇక మీరు ఆపేయాలి. కొన్ని కార్లలో లైట్లకు ఫ్యూజులకు బదులు మాడ్యూలే షార్టును గుర్తించి ఆ తీగకు కరెంటు నిలిపివేస్తుంది. షార్టును సరిచేసిన తరువాత కూడా స్కానరుతో (మాడ్యూల్‌లో నమోదైన లోపాలను చదివి చెరిపే పరికరంతో) విడిపించేదాకా లైటు వెలగని కార్లు కూడా ఉన్నాయి.

ఎల్‌ఈడీ వేయించుకున్నవారికి

మామూలు బల్బు స్థానంలో ఎల్‌ఈడీ వేయించిన మరుక్షణం నుంచి గుర్తు వెలుగుతుంటే కారు చెడిపోలేదు. 21 వాట్లు రావలసిన చోట 3 వాట్లే ఖర్చవుతుంటే మాడ్యూల్ దానిని పోయిన బల్బుగానే లెక్కగడుతుంది. లైటు ఆర్పినా ఎల్‌ఈడీ మసకగా మినుకుతుంటే, మొదట చెప్పుకున్న ఆ క్షణకాలపు పరీక్ష కరెంటే అందుకు కారణం.

దీనికి దుకాణదారులు 6 ఓముల, 50 వాట్ల రెసిస్టరు ఒకటి అమర్చి గుర్తును ఆర్పేస్తారు. ఇంజిను నడుస్తున్నప్పుడు ఉండే 14 వోల్టుల దగ్గర ఆ రెసిస్టరు 2.3 ఆంపియర్లు లాగి ముప్పై వాట్లకు పైగా వేడిగా మారుస్తుంది. ఇండికేటరుకైతే వెలిగి ఆరే మధ్యలో కొంత చల్లారుతుంది. బ్రేకు లైటుకు పెడితే, సాయంత్రం విజయవాడ బెంజి సర్కిల్ కూడలి దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి సిగ్నలు కోసం నిలబడినంతసేపూ అది కాలుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ మీదో, డిక్కీలోని గుడ్డ లైనింగు మీదో అతికిస్తే వాటిని కాల్చేస్తుంది. తప్పనిసరైతే లోహపు రేకుకే బిగించాలి. అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. రెసిస్టరు ఉన్నంతకాలం రేపు ఆ ఎల్‌ఈడీ నిజంగా పోయినా కరెంటు రెసిస్టరు గుండా పారుతూనే ఉంటుంది, గుర్తు రాదు. హెచ్చరిక కోసం ఉన్న ఏర్పాటును మనమే నోరు మూయించినట్టవుతుంది. కంపెనీ మామూలు బల్బు ఇచ్చిన చోట మామూలు బల్బే వేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

పని ముగిసేలోగా ప్రయాణం, ఆటోనగర్‌కు అప్పగింత

పగటిపూట నంబరు ప్లేటు లైటు లేకుండా ఇంటికి చేరడంలో ప్రమాదమేమీ లేదు. బ్రేకు లైట్లు రెండూ లేకుండానో, వెనుక పార్కింగ్ లైటు లేకుండానో రాత్రి వేళ 16వ నంబరు జాతీయ రహదారి మీద గుంటూరు వైపు వెళ్లడం వేరు సంగతి. కృష్ణ మీది వారధి దాటాక లారీలు వెనుక ఎంత వేగంగా వస్తాయో ఆ దారిన తిరిగేవారికి తెలుసు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల మంచులో ఆ సాహసం బొత్తిగా పనికిరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా రాత్రిపూట వెనుక ఎర్ర లైట్లు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలని చెబుతున్నాయి. పీ21డబ్ల్యూ ఒకటి, పీ21/5డబ్ల్యూ ఒకటి, టీ10 అని పిలిచే 5 వాట్ల చిన్న బల్బులు రెండు, మీ హెడ్‌లైటు బల్బు ఒకటి ఒక డబ్బాలో దూది చుట్టి ఉంచుకుంటే దూర ప్రయాణాలలో ఇబ్బంది ఉండదు.

బల్బు మార్చి చూసి, హోల్డరు తుడిచి, ఎర్తు కొలిచి, డిక్కీ తీగలు కదిపి చూసినా లోపం తేలకపోతే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో గుంటూరు ఆటోనగర్‌లోనో ఆటో ఎలక్ట్రీషియను దగ్గరికి వెళ్లండి. ఇంజిను కోడ్లు మాత్రమే చదివే చౌక స్కానరు ఇక్కడ అక్కరకు రాదు; బాడీ కంట్రోల్ మాడ్యూల్‌ను కూడా చదవగలిగే స్కానరు, మీ కంపెనీ కార్ల మీద పని చేసిన అనుభవం ఉన్నాయేమో ముందుగా అడగండి. కారును అప్పగిస్తూ ‘బల్బు గుర్తు వస్తోంది, చూడండి’ అని ఊరుకోకండి. ‘అన్నా, కుడి వెనుక బ్రేకు లైటుకు వస్తోంది, బల్బు అటూ ఇటూ మార్చి చూశాను, లోపం అక్కడే ఉంది, ఎర్తు దగ్గర 0.2 లోపే చూపింది’ అని చెబితే ఆయనకు సగం పని తప్పుతుంది, మీకు అనవసరమైన బల్బుల బిల్లు తప్పుతుంది. మాడ్యూలే పోయిందని చెబితే, ఆ లైటుకు సంబంధించిన తీగను మాడ్యూల్ నుంచి హోల్డరు వరకు కొలిచి చూపించమని అడగండి. వారంటీ ఉన్న కారు అయితే తీగలు కోయడానికి ఒప్పుకోకుండా కంపెనీ సర్వీసు సెంటరుకే తీసుకువెళ్లండి.

లోపం సరిచేసిన తరువాత గుర్తు వెంటనే ఆరకపోతే తొందరపడకండి. కొన్ని కార్లలో తాళం తీసి మళ్లీ తిప్పాలి. మరికొన్నింటిలో ఆ లైటును ఒకసారి నిజంగా వెలిగించాలి, అంటే బ్రేకు లైటుకు బ్రేకు తొక్కాలి, రివర్స్ లైటుకు గేరు వేయాలి. అప్పటికీ ఆరకపోతే స్కానరుతో కోడును చెరిపించండి. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి గుర్తును పోగొట్టే చిట్కా కొందరు చెబుతారు గాని, దానివల్ల మ్యూజిక్ సిస్టం కోడు అడగడం, కిటికీ అద్దాలు ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేయడం వంటి కొత్త పనులు మీద పడతాయి; లోపం నిజంగా ఉంటే లైట్లు వేసిన మరుక్షణం గుర్తు మళ్లీ వస్తుంది.